బ్రేకు వెనక కాలు

చేయాల్సిన పనులు ఇవీ. కుక్క ఒంటికి పట్టించిన కాలిన ఇంజనాయిల్ అంతా వదిలేదాకా కడగాలి, అదీ కిరసనాయిల్ జోలికి పోకుండా. దాని చర్మం గీకి, గీకినదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. అది పడుకునే పాత బస్సు సీటును తీసి అవతల పారేయాలి. గేటు గదిలో ఉన్న దుప్పట్లన్నీ మరిగే నీళ్ళలో వేసి ఉడికించాలి. ఒళ్ళు గోక్కుంటున్న మెకానిక్కుల్ని మనుషుల డాక్టరు దగ్గరికి తోలాలి. మేనేజరును ఎలాగోలా ఒప్పించి గడువు అడగాలి. అన్నిటికన్నా కష్టమైంది ఆఖరిది. కొన్నాళ్ళపాటు నీ కుక్కను ముట్టుకోవద్దు తాతా అని వాచ్‌మన్ తాతకు చెప్పాలి, అదీ ఆయనకు అర్థమయ్యేలా.

వీటిలో ఏ ఒక్కటీ ఆమెకు ఎవరూ అప్పగించిన పని కాదు. ఆమె పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరిన డాక్టరు. ఆ బస్సుల వర్క్‌షాపుతో ఆమెకున్న సంబంధమల్లా వాళ్ళ నాన్న అక్కడ ఇంజన్ల మేస్త్రీ కావడమే. వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. చిన్నప్పుడు బడి వదలగానే నేరుగా వర్క్‌షాపుకే వచ్చి, ఒరిగిన టైరు మీద కూర్చొని లెక్కలు చేసుకునేది. ఓసారి కాలు నలిగిన పిల్లికి గ్రీజు గుడ్డతో కట్టు కట్టింది. పిల్లి ఆ కట్టును ఒక్క విదిలింపుతో ఊడబీకి పారిపోయింది గానీ, ఆమెకు మాత్రం డాక్టరమ్మ అన్న పేరు అతుక్కుపోయింది. తీరా ఆమె నిజంగానే డాక్టరు అయ్యేసరికి వర్క్‌షాపు వాళ్ళకు ఇబ్బంది వచ్చిపడింది. ఎగతాళి పేరును మర్యాద పేరుగా ఎలా మార్చాలో ఎవరికీ పాలుపోలేదు. చివరికి అదే పేరును కాస్త గొంతు తగ్గించి పిలవడం మొదలుపెట్టారు.

సంగతి ఇంట్లోనే మొదలైంది. నాన్న మణికట్లు, నడుము బరబరా గోక్కుంటూ ఇంటికొచ్చాడు. అమ్మ ఆయన బట్టల్ని ఇంట్లో బట్టల్లో కలవనివ్వకుండా కర్రతో ఎత్తి పెరటి గోడ మీద పడేసి, ఈ దురద నాకు గనక అంటించావో, ఇకనుంచి నీ పడక ఆ బస్సుల్లోనే అని తేల్చి చెప్పింది. అసలేమిటని కూతురు గుచ్చి గుచ్చి అడిగితే, బ్రేకుకు గజ్జి పట్టిందని చెప్పాడు. కంగారు పడాల్సిందేం లేదట, పాత ఇంజనాయిల్ పట్టించేశారట.

డాక్టరమ్మ తాగుతున్న నీళ్ళ గ్లాసు కింద పెట్టేసింది.

"ఎక్కడెక్కడ పూశారు నాన్నా?"

"ముక్కు తప్ప ఒళ్ళంతా పూశాం తల్లీ. పురుక్కి ఊపిరాడకుండా చేస్తే చచ్చి ఊరుకుంటుంది."

"పురుగు సంగతి ఏమో గానీ, ముందు కుక్క చచ్చి ఊరుకుంటుంది."

ఆ ఆయిల్ ఏమవుతుందో ఆమె ఆ పూటే ఆయనకు విడమరిచి చెప్పింది. కుక్క ఒళ్ళు నాక్కుంటుంది, నాక్కున్న ఆయిల్ కడుపులోకి పోతుంది, కాలేయాన్నీ కిడ్నీలనూ పాడు చేస్తుంది. నాకకపోయినా చిట్లిన చర్మంలోంచి లోపలికి ఇంకుతుంది. ఇంజన్లో నుంచి మీరే పనికిరాదని తీసేసిన ఆయిల్ ప్రాణానికి ఎలా పనికొస్తుంది నాన్నా అంది. మర్నాడు పొద్దున్నే నాన్న సైకిల్ వెనక ఆమె పెట్టె కట్టుకొని గుమ్మం ముందు నిలబడ్డాడు.

బ్రేకుకు ఆ పేరు ఊరికే రాలేదు. కదులుతున్న బస్సుకు ఎదురెళ్ళి నిలబడి ఆపే అలవాటు దానికి కూనగా ఉన్నప్పటి నుంచీ ఉంది. ఒక కన్ను గోధుమ రంగు, ఒక కన్ను నీలం. ఏ గొర్రెల కాపరి కుక్కదో ఓ పాలు రక్తం దానిలో ఉందని చూడగానే తెలుస్తుంది. నిండుగా బొచ్చుండే ఆ కుక్క ఆ రోజు డాక్టరమ్మ కళ్ళకు తారు డబ్బాలో ముంచి తీసిన గోనెసంచిలా కనపడింది. చెవుల అంచులు పెళుసుబారి పొలుసులు రాలుతున్నాయి. మోచేతుల దగ్గర, పొట్ట కింద బొచ్చు ఊడి చర్మం ఎర్రగా కందింది. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేక గోడకేసి ఒళ్ళు రుద్దుకుంటూనే ఉంది.

డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకొని, దాని చెవి అంచును మడిచి రెండు వేళ్ళ మధ్య మెల్లగా నలిపింది. వెంటనే బ్రేకు వెనక కాలు దానంతటదే లేచి, మీటుతున్న తీగలా గాల్లో గోక్కోసాగింది. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు. టైర్ల విభాగం చూసే మావయ్య, "చూశారా, సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అందుకుంది" అన్నాడు.

"నవ్వకండి మావయ్యా. ఇది చాలా పాత పరీక్ష. చెవి నలిపితే కాలు లేచిందంటే, అంటుకునే రకం గజ్జే అయి ఉండే అవకాశం చాలా ఎక్కువ."

కుక్కలకు గజ్జి రెండు రకాలుగా వస్తుందని ఆమె వాళ్ళకు చెప్పింది. ఒక రకం పురుగు పాలు తాగే వయసులో తల్లి నుంచి పిల్లకు వస్తుంది. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్ళూ అణిగి ఉంటుంది, మనుషులకు అంటదు, దురద కూడా తక్కువే. రెండో రకం ఇలా కాదు. చర్మంలోకి సొరంగం తవ్వుకొని పోయి లోపల గుడ్లు పెడుతుంది. కుక్క నుంచి కుక్కకు పాకుతుంది. మనుషుల మీదికి కూడా ఎక్కుతుంది గానీ అక్కడ కాపురం పెట్టలేదు, కొన్నాళ్ళు దురద పెట్టి చచ్చిపోతుంది. కుక్కకు నయమైతే మీకూ నయమవుతుందని ఆమె అనగానే, అప్పటిదాకా చోద్యం చూస్తున్న వాళ్ళందరికీ కుక్క ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టుకొచ్చింది.

ఇదంతా జరుగుతున్నంతసేపూ వాచ్‌మన్ తాత గేటు దగ్గర తన ఇనప కుర్చీలో కూర్చొని ఇటే చూస్తున్నాడు. భార్య పోయాక ఆయన గేటు గదిలోనే ఉండిపోయాడు. బ్రేకును అరచేతిలో పట్టేంత పిల్లగా తెచ్చి పెంచింది ఆయనే. దానికి గజ్జి సోకిన సంగతి మొదట ఆయన చేతుల మీదే తెలిసింది. ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకుంటారు మరి.

ఆమె ఆయన దగ్గరికి వెళ్ళబోతుంటే నాన్న చెయ్యి పట్టుకొని ఆపి, అసలు సంగతి అప్పుడు చెప్పాడు. తాతకు చెవులు వినపడటం దాదాపు ఆగిపోయింది. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదాలు చూసి పోల్చుకుంటాడు. వెనక నుంచి బస్సు వస్తే మాత్రం తెలియదు. బస్సు రివర్స్ గేరులో పడగానే బ్రేకు లేచి వచ్చి తన ఒంటి బరువంతా ఆయన మోకాలికి ఆనించి నిలబడుతుంది. ఆయన తిరిగి చూసి పక్కకు జరుగుతాడు. ఇన్నాళ్ళూ ఆ గేటు ఇద్దరి మీద నడుస్తోంది. ఈ ముక్క నాన్నకూ టైర్ల మావయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు, మేనేజరుకు తెలిస్తే ఆయన్ని ఆ రోజే ఇంటికి పంపేస్తాడు. ఆయనకు ఆ గది తప్ప ఇల్లంటూ లేదు.

డాక్టరమ్మ పెట్టె తీసుకొని ముందు మేనేజరు గదికి వెళ్ళింది.

మేనేజరు చెడ్డవాడు కాదు, నవ్వడం మరిచిపోయిన మనిషి, అంతే. వచ్చే నెలాఖరుకు పై ఆఫీసు నుంచి తనిఖీ బృందం వస్తోందనీ, సగం మంది పనివాళ్ళు పానాలు వదిలేసి ఒళ్ళు గోక్కుంటున్నారనీ, కుక్కల బండికి కబురు పెట్టేద్దామనుకుంటున్నాననీ ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. బండి ఎక్కిన గజ్జికుక్క తిరిగి రాదని ఇద్దరికీ తెలుసు. ఆమె తనిఖీ వరకు గడువు అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"తనిఖీ రోజున అది నా కళ్ళ ముందు గోక్కోకూడదు. గోక్కుంటే బండి వస్తుంది. అప్పుడు మళ్ళీ గడువు అడగొద్దమ్మాయ్."

"అడగను సార్."

మాటైతే ఇచ్చేసింది. ఇక వెనక్కి తిరిగి చూసే ప్రశ్న లేదు.

ఆయిల్ వదిలించడానికే పూటంతా పట్టింది. గిన్నెలు తోమే సబ్బు నీళ్ళు, గోరువెచ్చటి నీళ్ళు, మళ్ళీ సబ్బు నీళ్ళు. ఎవరో చాటుగా కిరసనాయిల్ గుడ్డ తెస్తే ఆమె చూసిన చూపుకు ఆ గుడ్డ వచ్చిన దారినే వెళ్ళిపోయింది. తర్వాత పొలుసు కట్టిన చోట నూనె చుక్క వేసి, మొద్దు బ్లేడుతో సన్నగా నెత్తురు చెమ్మ కనిపించేదాకా గీకింది. పురుగు పైపైన ఉండదు, లోపల ఉంటుంది, పైపైన గీకితే దొరకదు. గాజు పలకలు పట్టుకొని ఆసుపత్రికి పరిగెత్తి మైక్రోస్కోపులో కళ్ళు పోయేలా వెతికింది. ఒక్కటి కూడా కనపడలేదు.

ఆమె మొహం చూసి ఆసుపత్రి పెద్ద డాక్టరు గారు విషయం అడిగారు. ఈ రకం పురుగు చాలాసార్లు మొదటి గీకుడుకు చిక్కదని, కనపడనంత మాత్రాన లేదనుకోవద్దని, లక్షణాలు అంత స్పష్టంగా ఉన్నప్పుడు మందు మొదలుపెట్టమని చెప్పారు. ఇంజెక్షన్ చేద్దామా అని ఆయనంటే ఆమె నీలం కన్ను సంగతి చెప్పింది, ఇద్దరూ వద్దనుకున్నారు. గొర్రెలు కాసే జాతి కుక్కలు కొన్నిటికి ఆ మందు మెదడుకెక్కి ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రిలో ఉన్నది గంధకం మందు. నీళ్ళలో కలిపి వారానికోసారి ఒళ్ళంతా తడిసేలా పోయాలి. కుళ్ళిన గుడ్ల కంపు కొడుతుంది, తగిలిన చోటల్లా పసుపు మరక పడుతుంది, వెండిని నల్లగా మారుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, పోశాక కడక్కూడదు. మందు చర్మం మీదే ఎండి ఉండిపోవాలి. గుడ్లలోంచి కొత్త పురుగు పుట్టినప్పుడల్లా దాన్ని చంపడానికి అక్కడ మందు ఉండాలి.

మొదటి స్నానం ఆమే చేయించింది. కంపుకు వర్క్‌షాపు మొత్తం ముక్కు మూసుకుంది. టైర్ల మావయ్య ఇలాంటి వాసన తన సర్వీసులో ఒకే ఒక్క డ్రైవరు సాక్సుల దగ్గర పీల్చానన్నాడు. బ్రేకు నాక్కోకుండా ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచులకు ట్యూబు రబ్బరు కుట్టి మెడకు తొడిగారు. అది మైకు పెట్టెలా తల తిప్పుతూ టైర్ల గోడౌన్ జాలీ తలుపు వెనక్కి వెళ్ళింది. నయమయ్యేదాకా అక్కడే ఒంటరి కాపురం.

అప్పుడు ఆమె తాత ముందు మోకాళ్ళ మీద కూర్చొని, ఒక్కో మాటా పెదాలు కదిలేలా చెప్పింది. ఆయన ఆమె పెదాలనే చూస్తూ సాంతం గ్రహించాడు. ఆఖరికి, "నయమవుద్దా బంగారూ?" అని ఒక్కటే అడిగాడు. ఆమె గట్టిగా తల ఊపింది. ఆయన లేచి తన కుర్చీని గేటుకు అవతలి వైపుకు, జాలీ తలుపు కనపడే చోటికి జరుపుకున్నాడు.

తర్వాతి స్నానాల వేళకు ఆమెకు ఊళ్ళ మీద టీకాల డ్యూటీ పడింది. చేయాల్సిందంతా నాన్నకూ టైర్ల మావయ్యకూ పొల్లుపోకుండా వల్లె వేయించి వెళ్ళింది. ఇద్దరూ పని విషయంలో ప్రాణం పెట్టే మనుషులు. అందుకే తిరిగొచ్చి జాలీ తలుపు తీసినప్పుడు ఆమె ఇలాంటిది చూస్తాననుకోలేదు. బ్రేకు మునుపటికన్నా ఎక్కువ గోక్కుంటోంది. డొక్కల మీద కొత్తగా కురుపులు లేచాయి. చెవి నలిపితే కాలు అప్పటిలాగే ఎగిసెగిసి పడుతోంది.

వర్క్‌షాపులో మాటలు మొదలయ్యాయి. ఆయిల్ పెట్టినప్పుడే నయంగా ఉందని ఒకడు, చదువుకున్న మందు కంపుకు తప్ప దేనికీ పనికిరాలేదని ఇంకొకడు. నాన్న వినీ విననట్టు స్పానరు తిప్పుతూ ఉండిపోయాడు గానీ, ఆ రోజు ఆయన బిగించిన బోల్టును విప్పడానికి తర్వాత ఇద్దరు పట్టాల్సి వచ్చింది.

డాక్టరమ్మ మళ్ళీ గీకింది. ఈసారి చెవి అంచున, మోచేతి ఎముక మీద, ఇంకెవరూ గీకని చోటల్లా గీకింది. మైక్రోస్కోపులో ఒకచోట చిన్న తాబేలులా గుండ్రటి ఒళ్ళు, పొట్టి పొట్టి కాళ్ళు, మెల్లగా కదులుతూ కనపడింది. పక్కనే గుడ్లు. జబ్బు తను అనుకున్నదే. మందు దానికి పడాల్సిందే. మరి తప్పు ఎక్కడ జరుగుతోంది? సీటు పారేశారు, దుప్పట్లు ఉడికించారు, వేరే కుక్క ఆ ఛాయలకు రాలేదు. మందు పాళ్ళు మళ్ళీ మళ్ళీ చూసుకుంది, సరిగ్గానే ఉన్నాయి.

తనిఖీకి నెల కూడా లేదు. ఆమె డ్యూటీ మార్పించుకొని, ఈసారి స్నానం మీరే చేయించండి, నేను పక్కన నిలబడి చూస్తానంది. అత్తగారి ముందు వంట చేస్తున్నట్టుందని టైర్ల మావయ్య గొణిగాడు.

నిజానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. మందు కొలిచి కలిపారు. కళ్ళలో పడకుండా నుదుటి మీద నుంచి స్పాంజితో అద్దారు. పొట్ట కింద, తోక కింద, వేళ్ళ సందుల్లో, ఎక్కడా వదల్లేదు. కడగడానికి నీళ్ళ వైపు కన్నెత్తి చూడలేదు. ఆమె ఊపిరి పీల్చుకుంది. అంతలో నాన్న, ఆ పని ఎన్ని వేలసార్లు చేశాడో అంత అలవాటుగా, గోడకున్న కంప్రెసరు గొట్టం అందుకొని కుక్క మీదికి గాలి వదిలాడు. బ్రేకు కళ్ళు మూసుకొని, కాళ్ళు ఎడంగా పెట్టి బుద్ధిగా నిలబడింది. మందు పసుపు తుంపరలై వెళ్ళి ఎదురు గోడను తడిపింది.

ఆ గోడ మీద పసుపు మరకను ఆమె ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన రోజే చూసింది. పెయింట్ అనుకొని ఊరుకుంది.

"ఆపు నాన్నా."

నాన్న గొట్టం ఆపి అయోమయంగా చూశాడు. "కడగొద్దన్నావుగా తల్లీ, కడగలేదు. తడి మీద వదిలేస్తే తుప్పు..." అని నోరు జారి, సర్దుకొని, "అదే, జలుబు చేస్తుందని" అన్నాడు.

టైర్ల మావయ్యకు ముందు అర్థమైంది. అటు తిరిగి నవ్వు ఆపుకోవడానికి నానా తంటాలూ పడ్డాడు. డాక్టరమ్మకు నవ్వు రాలేదు. ఆ వర్క్‌షాపులో కడిగిన ఏ వస్తువునూ తడిగా వదలరు. ఫిల్టరైనా, పిస్టనైనా, ఆఖరికి టీ గ్లాసైనా గాలి కొట్టాకే పక్కన పెడతారు. చిన్నప్పుడు వానలో తడిసొస్తే నాన్న తన జడ విప్పి ఇదే గొట్టంతో దూరం నుంచి గాలి పట్టి ఆరబెట్టేవాడు. చెవుల్లో చల్లగా, హాయిగా, కితకితలు పెట్టినట్టుండేది. ఇవన్నీ తెలిసిన తను, కడక్కండి అని చెప్పి గాలి మాట చెప్పకుండా వెళ్ళింది. వేరే డాక్టరు మరిచిపోతే ఒక అర్థముంది.

"తప్పు నీది కాదు నాన్నా. ఈ గొట్టం సంగతి ఈ ఊళ్ళో నాకు తెలిసినంతగా ఏ డాక్టరుకు తెలుసు?" అంది.

ఆమె ఆ మాట అన్నాక కూడా ఆయన తేరుకోలేదు. గొట్టాన్ని చుట్ట చుట్టి, మేకుకు తగిలించి, దాని మీద ఒక గుడ్డ కప్పాడు. ఆ రోజంతా మళ్ళీ దాని వంక చూడలేదు.

పోసిన మందు సగం గోడ పాలైంది కాబట్టి అప్పటికప్పుడు మళ్ళీ కలిపి పోశారు. ఈసారి ఆమె బ్రేకు పక్కన ఎండలో పీట వేసుకొని కూర్చుంది. కుక్క దులపరించుకున్నప్పుడల్లా తుంపరలు పడి ఆమె బట్టలన్నీ పసుపయ్యాయి. వేలికున్న వెండి ఉంగరం బొగ్గులా నల్లబడింది. కుక్క పూర్తిగా ఆరేదాకా ఆమె లేవలేదు. అప్పటినుంచి ప్రతి స్నానానికీ ఆమె వచ్చింది. వీలైతే డ్యూటీకి ముందు, లేకపోతే తర్వాత. బస్సులో ఆమె ఎక్కగానే పక్క సీట్లు ఖాళీ అయ్యేవి. ఒకరకంగా సుఖమేనని ఆమె అమ్మతో అంది. అమ్మ మాత్రం ఆమె బట్టలను కూడా కర్రతోనే ఎత్తింది.

ఈ మధ్యలోనే అది జరిగింది. తాత గేటు దగ్గర వంగి గొలుసు తీస్తున్నాడు. లోపల నుంచి ఒక బస్సు వెనక్కి వస్తోంది. డ్రైవరుకు ఆయన కనపడలేదు, ఆయనకు హారను వినపడలేదు. జాలీ తలుపు వెనక బ్రేకు మెడకున్న బకెట్‌తో తలుపును దబదబా గుద్దుతూ, ఎప్పుడూ అరవని అరుపు అరిచింది. టైర్ల మావయ్య చేతిలో టైరు వదిలేసి పరిగెత్తి తాతను చొక్కా పట్టి ఇవతలికి లాగాడు. వదిలేసిన టైరు దొర్లుకుంటూ వెళ్ళి మేనేజరు గది మెట్లకు తగిలి పడిపోయింది. మెట్ల మీద మేనేజరు నిలబడి ఉన్నాడు.

ఆయన మేస్త్రీనీ, అప్పుడే మందు పట్టుకొని వచ్చిన డాక్టరమ్మనూ లోపలికి పిలిచాడు. ఎలా మొదలుపెట్టాలా అని ఆమె మాటలు కూడదీసుకుంటుంటే, ఆయనే అన్నాడు.

"ఆయనకు వినపడదని నాకు తెలియదనుకున్నారా? కుక్కల్ని ఉంచకూడదని రూలు ఉంది. మరి ఇన్నేళ్ళు ఎందుకు చూసీ చూడనట్టు ఊరుకున్నాను?"

మేస్త్రీ తలెత్తి చూశాడు.

"మామూలు కుక్క గేటు దగ్గర పడుకొని ఉంటే తనిఖీ వాళ్ళు దాటుకొని పోతారు. గజ్జికుక్క ఉంటే ఎందుకుంచారని అడుగుతారు. ఒకటి అడిగితే రెండోది అడుగుతారు. నా భయం కుక్క గురించి కాదమ్మాయ్. ఆ రోజుకు దాన్ని మామూలు కుక్కను చెయ్యి."

మర్నాడు గేటు స్తంభానికి పెద్ద గుండ్రటి అద్దం ఒకటి బిగించి ఉంది. ఎవరు పెట్టించారని ఎవరూ అడగలేదు.

గాలి గొట్టం మానేశాక మందు తన పని తాను చేసుకుపోయింది. ముందు పొలుసులు మెత్తబడి రాలాయి. తర్వాత ఎర్రదనం తగ్గింది. నాన్న మణికట్ల మీద దురద ఎప్పుడు పోయిందో ఆయనకే గుర్తులేదు. అమ్మ ఆయన బట్టల్ని చేత్తో తీయడం చూశాక గానీ ఎవరూ గమనించలేదు. ఒకనాడు మోచేతుల దగ్గర వేలు పెట్టి చూస్తే, పండు మీద నూగులా లేత బొచ్చు తగిలింది. గీకి చూస్తే గాజు పలక మీద ఏమీ లేదు. అయినా ఆమె సంబరపడలేదు. మొదటిసారి కూడా ఏమీ కనపడలేదు మరి. ఇంజన్ శబ్దం ఆగింది కదా, ఇక చాలదా అని టైర్ల మావయ్య అడిగితే, శబ్దం ఆగాక కూడా ఇంకో రెండు స్నానాలు చేయించి తీరాల్సిందేనంది. ఒక్క గుడ్డు మిగిలినా కథ మళ్ళీ మొదటికొస్తుంది.

తనిఖీ రోజు పొద్దున, బృందం ఇంకా రాకముందే, మేనేజరు కిందికి దిగి వచ్చాడు. బ్రేకును జాలీ తలుపు బయటికి తెమ్మన్నాడు. మెడకున్న బకెట్ తీశారు. అది ఒక్కసారి ఒళ్ళు విరుచుకొని, ఎండలో కళ్ళు చికిలించింది. బొచ్చు పూర్తిగా నిండలేదు, అక్కడక్కడ పలచగా ఉంది. అయినా అది కుక్కలా ఉంది.

మేనేజరు తనే వంగి, డాక్టరమ్మను చూసి, "ఎలా నలపాలి?" అని అడిగాడు. ఆమె చూపించింది. ఆయన చెవి అంచు మడిచి వేళ్ళ మధ్య పెట్టి నలిపాడు. మేస్త్రీ, టైర్ల మావయ్య, పని ఆపి చేరిన మిగతావాళ్ళు, అందరి కళ్ళూ ఆ వెనక కాలి మీదే ఉన్నాయి. మేనేజరు రెండో చెవి కూడా నలిపాడు.

కాలు నేల మీదే ఉంది.

గేటు దగ్గర తాత కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇక్కడ ఎవరేం మాట్లాడుతున్నారో ఆయనకు వినపడే అవకాశం లేదు. ఎవరి పెదాలూ ఆయన వైపు తిరిగి లేవు. కానీ ఆయన కూడా ఆ కాలినే చూస్తున్నాడు. అది కదలకపోవడం చూసి, మళ్ళీ మెల్లగా కూర్చొని, తుడుచుకోవడానికి కళ్ళజోడు లేకపోయినా కళ్ళు తుడుచుకున్నాడు.

"వదలండి" అన్నాడు మేనేజరు.

బ్రేకు ఎటూ చూడకుండా యార్డు దాటి, తాత దగ్గరికి వెళ్ళి, తన బరువంతా ఆయన మోకాలికి ఆనించి నిలబడింది. ఆయన చెయ్యి దాని తల దాకా వచ్చి ఆగిపోయింది. అనుమతి కోసం డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపింది. అప్పుడు పెట్టాడు చెయ్యి.

తనిఖీ బృందం వచ్చింది. యంత్రాలు చూశారు, మంటలార్పే సిలిండర్లు చూశారు, గోడ మీద ఆ పసుపు మరక ఏమిటని అడిగారు. పెయింట్ అన్నాడు మేస్త్రీ తడుముకోకుండా. గేటు దగ్గర పడుకున్న కుక్కను దాటుకొని వెళ్ళిపోయారు. దాని గురించి ఎవరూ ఏమీ అడగలేదు. ఆ వారమూ, ఆ పై వారమూ డాక్టరమ్మ మందు పట్టుకొని వచ్చి, తను చేయించాలన్న రెండు స్నానాలూ చేయించే వెళ్ళింది.

ఇది చదివినవాళ్ళను అడిగేది ఒక్కటే. మీ వీధిలో బొచ్చు ఊడి, గోడకు ఒళ్ళు రుద్దుకునే కుక్క ఒకటి ఎప్పుడో ఒకప్పుడు కనపడుతుంది. గజ్జికుక్క అని రాయి కోసం వంగబోయే ముందు, లేదా మంచి మనసుతోనే పాత ఆయిల్ డబ్బా తీయబోయే ముందు, ఒక్క క్షణం ఆగి, గేటు పక్క ఇనప కుర్చీలో కూర్చొని ఒక వెనక కాలి వంకే కన్నార్పకుండా చూసిన ఆ తాతను గుర్తు చేసుకోండి.